నెమరుకు సరిపడా చదవండి: అనుదిన వాక్య ధ్యానంపై ప్రసంగ పాఠం

అందరికీ వందనాలు. వెనక గోడకు ఆనుకున్న అన్నలు కాస్త ముందుకు రండి, మైకు అంత దూరం అందడం లేదు. బైబిలు తెచ్చుకున్నవాళ్లు మార్కు సువార్త మొదటి అధ్యాయం తీసి పెట్టుకోండి, కాసేపట్లో అక్కడికే వెళ్తాం. ఫోన్లో చదివేవాళ్లు డేటా ఆపేయండి. ఎందుకో తర్వాత చెప్తాను.

రోజూ వాక్యం చదవాలని చెప్పడానికి రాలేదు నేను. ఆ మాట సండే స్కూలు పిల్లలకీ తెలుసు. రోజూ చదువుతున్నవాళ్లకి కూడా ఏమీ మిగలడం లేదే, అదెందుకు అన్నదే ఇవాళ్టి సంగతి. పొద్దున మూడు అధ్యాయాలు చదివినవాళ్లని మధ్యాహ్నం ఏం చదివావమ్మా అంటే ‘యిర్మీయా’ అంటారు. యిర్మీయాలో ఏముంది అంటే నవ్వేస్తారు. దీన్ని భక్తి తక్కువై జరుగుతోందని అనుకుని కుంగిపోతారు చాలామంది. నాకు తెలిసినంతలో చాలావరకు ఇది భక్తి లోపం కాదు, పద్ధతి లోపం. ఎక్కువ చదివి తక్కువ సేపు ఆగుతున్నాం. వచనంలో ఏముందో చూడకముందే ‘ఇందులో నాకేమిటి’ అని అడిగేస్తున్నాం. ఈ రెండూ సరిచేసుకుంటే మిగతావి చిన్న విషయాలు.

ముందు ధ్యానం అనే మాట చూద్దాం. ఈ రోజుల్లో ధ్యానం అంటే కళ్లు మూసుకుని, ఊపిరి మీద మనసు పెట్టి, ఆలోచనలు ఖాళీ చేసుకోవడం అని స్థిరపడిపోయింది. మొదటి కీర్తనలో “దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు” అన్నచోట హీబ్రూలో ఉన్న మాట ‘హాగా’. గొణుక్కోవడం, లోగొంతుతో పలకడం అని దానర్థం. యెషయా 31:4లో సింహం ఎర మీద నిలబడి గుర్రుమంటుంది, అక్కడ ఇదే మాట. యెషయా 38:14లో హిజ్కియా రాజు “గువ్వవలె మూల్గితిని” అంటాడు, అక్కడా ఇదే. ఇంకా తమాషా చూడండి. రెండో కీర్తన మొదటి వచనంలో జనములు వ్యర్థమైనదాన్ని “తలంచుచున్నవి” అని ఉంది కదా, అదీ ఈ మాటే. పక్కపక్క కీర్తనలు. ఒకడు ధర్మశాస్త్రాన్ని గొణుక్కుంటున్నాడు, వీళ్లు కుట్రను గొణుక్కుంటున్నారు.

కాబట్టి మాకు ధ్యానం చేయడం రాదండీ అనేవాళ్లకి చెప్తున్నాను, వచ్చు. పెళ్లిలో ఆడపడుచు అన్న ఒక్క మాటని మూడు రోజులు తిప్పి తిప్పి అనుకుంటాం చూశారా, గిన్నెలు తోముతూ, బస్సులో కూర్చుని, నిద్రపట్టక? అది హాగా. ఆ నైపుణ్యం అందరికీ ఉంది. దేన్ని తిప్పుతున్నాం అన్నదే తేడా.

యెహోషువ 1:8 మన తెలుగులో “బోధింపక తప్పిపోకూడదు” అని ఉంటుంది. హీబ్రూలో అక్షరాలా చూస్తే ఈ గ్రంథం నీ నోటి నుంచి తొలగిపోకూడదు అని. నోరు ఉంది అక్కడ. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథంలో కూర్చుని యెషయా చదువుతుంటే ఫిలిప్పుకు వినపడింది. మనసులో చదువుకుంటే ఎలా వినపడుతుంది? ఆ కాలంలో చదవడం అంటే ఎక్కువగా పైకి చదవడమే. ఇంట్లో నిద్రపోయేవాళ్లు లేస్తారని భయమైతే పెదవులు కదిలేంత మెల్లగా చదవండి, చాలు. కళ్లతో మాత్రమే చదివితే తెలిసిన వచనాల మీద జారిపోతాం. నోటితో చదివితే జారలేం.

మన భాషలో దీనికి చక్కని మాట ఉంది, నెమరు. ఆవు గబగబా మేస్తుంది, తర్వాత నీడన పడుకుని నెమరు వేస్తుంది. 12వ శతాబ్దంలో ఫ్రాన్సులో గీగో అనే సన్యాసి ఇదే వరసలో రాశాడు: చదవడం అంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానం అంటే నమలడం, ప్రార్థనలో రుచి తెలుస్తుంది, ఆ తర్వాత దేవుని సన్నిధిలో ఊరకే ఉండిపోవడమే ఆ తీపి. మనకు మేత ఎక్కువ, నెమరు తక్కువ.

ఇక మేత ఎంత? ఇక్కడ లెక్క చెప్పాలి. మన బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. పాత నిబంధన 929, కొత్త నిబంధన 260. కథోలిక సహోదరులకు 73 పుస్తకాలు, వాళ్లకి రోజువారీ పూజ పఠనాలు వేరే వరసలో ఉంటాయి. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లకి ఆల్మనాక్ ఉంది, ఏ రోజు ఏ భాగం చదవాలో చెప్పే సంఘ క్యాలెండరు. అవి ఉన్నవాళ్లు వాటినే వాడుకోండి, కొత్తది వెతుక్కోనక్కర్లేదు. ఏ ఏర్పాటూ లేనివాళ్లు జనవరి 1న మొదలుపెట్టే పద్ధతి మాత్రం అందరికీ తెలిసిందే: రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు. వారానికి 23. 52 వారాలకు 1196. లెక్క సరిపోయింది, ఏడు అధ్యాయాలు మిగిలాయి కూడా.

మరి ఎక్కడ ఆగిపోతారు? అదీ లెక్కలోనే ఉంది. ఆదికాండం 50 అధ్యాయాలు సాఫీగా వెళ్తాయి, కథలు కదా. నిర్గమకాండం 24 వరకు కూడా ఫర్వాలేదు. జనవరి 23, 24 ప్రాంతంలో 25వ అధ్యాయం వస్తుంది, ప్రత్యక్షగుడారం, అంటే ఇశ్రాయేలీయులు ఆరాధనకు వాడిన డేరా, దాని కొలతలు మొదలవుతాయి. మధ్యలో బంగారు దూడ కథ మూడు అధ్యాయాలు పక్కన పెడితే 40 వరకు అవే కొలతలు. నెలాఖరుకు లేవీయకాండం. బలులు, పవిత్రం, అపవిత్రం. 13, 14 అధ్యాయాల్లో చర్మవ్యాధుల నియమాలు, రెండూ కలిపి 116 వచనాలు. ఫిబ్రవరిలో సంఖ్యాకాండం మొదటి అధ్యాయం, జనాభా లెక్క. బైబిలు మూసేది అక్కడే. అది అవిశ్వాసం కాదండీ, వరసగా నియమాలూ లెక్కలూ వచ్చే చోటికి రోజుకు మూడేసి అధ్యాయాల వేగంతో దూసుకెళ్లడం.

స్కాట్లండులో డండీ పట్నంలో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అని ఒక యువ పాస్టరు, 1842లో తన సంఘానికి ఒక ప్రణాళిక ఇచ్చాడు. రోజుకు నాలుగు అధ్యాయాలు, నాలుగు వేర్వేరు చోట్ల నుంచి. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. అందులో నాకు నచ్చింది ప్రణాళిక కంటే ఆయన దానికి రాసిన ముందుమాట. ఇందులో అపాయాలున్నాయని ఆయనే చెప్పాడు: లాంఛనంగా మారిపోవచ్చు, చదివాను కదా అని స్వనీతి రావచ్చు, అజాగ్రత్తగా చదవవచ్చు, కొందరికి మోయలేని కాడి కావచ్చు. తన మందు వికటించే తీరు తానే రాసిన వైద్యుడన్నమాట. మరుసటి ఏడాదే, 29 ఏళ్లకు చనిపోయాడు.

నేను చెప్పేదేమిటంటే రెండు చదువులు వేరు చేయండి. మొత్తం కథ తెలియడానికి విస్తారంగా చదివే చదువు ఒకటి. అది సాయంత్రం, సెలవు రోజు, ప్రయాణంలో, ఆడియోలో ఎలాగైనా సాగనివ్వండి. పొద్దుటి ధ్యానం వేరు. దానికి ఎనిమిది నుంచి పదిహేను వచనాలు. అంతకంటే వద్దు. ఆశపడి రెండో పేరాలోకి వెళ్లకండి. వరస కూడా మార్చండి: ముందు మార్కు, 16 అధ్యాయాలు. తర్వాత ఫిలిప్పీయులకు, నాలుగు అధ్యాయాలే, 104 వచనాలు. తర్వాత ఆదికాండం. ఏ పుస్తకం పట్టుకున్నా చివరి దాకా వెళ్లండి. బైబిలు గుడ్డిగా తెరిచి వేలు పెట్టిన వచనం చదవడం మాత్రం మానేయండి. ఎవరో పంపిన ఉత్తరాన్ని మధ్యలో ఒక ముక్క చింపుకుని చదవం కదా.

సరే, మార్కు 1. 29 నుంచి 39 వరకు, పదకొండు వచనాలు. పైకి చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. అందుకని రెండుసార్లు చదవండి. మొత్తం ఇరవై నిమిషాలు అనుకుందాం: రెండు నిమిషాలు ఊరకే కూర్చోవడం, నాలుగు నిమిషాలు చదవడం, ఏడెనిమిది నిమిషాలు చూడటం, మిగతాది ప్రార్థన, రాత. గడియారం పెట్టుకోమని కాదు. దేనికి ఎక్కువ సేపు పోవాలో తెలియడానికి చెప్తున్నాను. ఎక్కువ పోవాల్సింది చూడటానికి.

చూడటం అంటే ఏమిటి? ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోంది, ఏది వింతగా ఉంది. ‘ఎప్పుడు’తో మొదలుపెడదాం. 32వ వచనం, “సాయంకాలము ప్రొద్దుగ్రుంకినప్పుడు” రోగులను తెచ్చారు. పొద్దుగుంకే దాకా ఎందుకు ఆగారు? జ్వరంతో ఉన్నవాణ్ణి పగలే తేవచ్చు కదా? జవాబు ఈ పేరాలో లేదు. వెనక్కి, 21కి వెళ్లండి. “విశ్రాంతిదినమున” అని ఉంది. వాళ్ల విశ్రాంతిదినం పొద్దుగుంకడంతో ముగుస్తుంది. ఆ రోజు బరువులు మోయకూడదు, యిర్మీయా 17:21 చూసుకోండి. మంచాల మీద మనుషుల్ని మోసుకురావాలంటే సూర్యుడు దిగేదాకా ఆగాలి. దిగాడు, ఊరంతా వాకిట్లోకి వచ్చేసింది. పొద్దున మందిరంలో బోధ, మధ్యాహ్నం సీమోను ఇల్లు, రాత్రి జనం. అంత జరిగాక 35వ వచనం: “ఇంకను చాలచీకటి యుండగానే” యేసు లేచి, ఒంటరిగా అరణ్యప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేశాడు. ఇప్పుడు ఆ చీకటికి బరువు వచ్చిందా లేదా? 35 ఒక్కటే క్యాలెండరు మీద చదివితే ఆ బరువు తెలియదు.

ఇంకొకటి చూడండి. సీమోను అత్త లేచి “ఉపచారము చేయసాగెను”, 31. ఈ అధ్యాయంలోనే 13వ వచనంలో దేవదూతలు యేసుకు “పరిచర్య” చేశారు. గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట. తెలుగులో ఒకచోట పరిచర్య, ఒకచోట ఉపచారం అయింది. వంటింట్లో ఆ అమ్మ చేసినదానికీ అరణ్యంలో దూతలు చేసినదానికీ మార్కు ఒకే పేరు పెట్టాడు. ఇక్కడ ఆగాలనిపిస్తే ఆగిపోండి. ఆ రోజుకు మిగతా వచనాలు చదవకపోయినా నష్టం లేదు.

“వెంటనే” అనే మాట కింద పెన్సిలుతో గీత గీస్తూ వెళ్లండి. మార్కులో గ్రీకు మాట లెక్కన సుమారు 40 సార్లు వస్తుంది. అంత హడావుడి సువార్తలో 35వ వచనం ఒక్కటే నిలబడిపోయినట్టు ఉంటుంది.

తర్వాత సీమోను వాళ్లు “వెదకుచు వెళ్లి” అని ఉంది. గ్రీకు మాట ఇంకా గట్టిది, వెంటాడి పట్టుకున్నట్టు. అందరూ నీకోసం వెదుకుతున్నారు అన్నారు. అది చెడ్డ కబురు కాదు, ఏ సేవకుడికైనా తీపి కబురే. ఆయన మాత్రం పక్క గ్రామాలకు వెళ్దాం రండి అన్నాడు. ఆ చీకట్లో ఏం ప్రార్థించాడు? మార్కు రాయలేదు. మనమూ రాయకూడదు. ఇక్కడే చాలామంది ప్రసంగీకులం తప్పు చేస్తాం, ఖాళీ కనపడగానే నింపేస్తాం. రాసి ఉన్నది వరస మాత్రమే: ఏకాంతం, ఒత్తిడి, స్పష్టమైన నిర్ణయం.

ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, ‘ఇందులో నాకేమిటి’ అని అడగండి. ఠక్కున వచ్చే జవాబు ఏమిటి? నేనూ తెల్లవారుజామున నాలుక్కి లేవాలి. ఆగండి. మార్కు జరిగింది చెప్తున్నాడు, ఆజ్ఞ ఇవ్వడం లేదు. ఇదే సువార్త 6:46లో ఆయన జనాన్ని పంపేసి సాయంత్రం కొండకు వెళ్లాడు. లూకా 6:12లో రాత్రంతా ప్రార్థనలో ఉన్నాడు. వేళ మారుతోంది, ఒంటరితనం మారడం లేదు. నైట్ డ్యూటీ దిగి పొద్దున ఎనిమిదికి ఇంటికొచ్చే నర్సమ్మకి నాలుగు గంటల నియమం పెట్టి ఆమెను పాపిగా నిలబెట్టకండి. ఆమె తెల్లవారుజాము సాయంత్రం ఐదు.

మరి ఈ పేరా ఏమడుగుతోంది? ‘అందరూ నిన్నే అడుగుతున్నారు’ అంటూ ఈ వారం నా మీదికి వచ్చిన మంచి పనుల్లో నాది కానిదేది? ఆ ప్రశ్నకు జవాబు కాగితం మీద ఇలా ఉండాలి: ‘శనివారం స్టేజీ డెకరేషన్ నేను చేయలేనని ఇవాళ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి చెప్తాను.’ ఎవరికి, ఏమిటి, ఎప్పుడు. ఈ మూడూ లేకపోతే అది తీర్మానం కాదు. ‘ఇంకా ఎక్కువగా ప్రార్థించాలి’, ‘ప్రేమగా ఉండాలి’ అని నోటుబుక్కు నిండా రాసుకునేవాళ్లున్నారు. అలాంటి వాక్యం పొద్దున ఎంత బాగుంటుందో రాత్రికి అంత పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే చేశామో లేదో చూసుకోవడానికి అందులో ఏమీ లేదు. యాకోబు చెప్పిన అద్దం గుర్తుందా, 1:23, 24? ముఖం చూసుకుని అవతలికి పోయి మరచిపోతాడు. అద్దం తప్పు లేదు. మసి ఎక్కడ ఉందో చూసి కూడా చెయ్యి అక్కడికి పోలేదు, అంతే.

ఇంకో జబ్బు ఉంది, దీని గురించి నవ్వుతూ చెప్పినా గట్టిగానే చెప్తున్నాను. వచనం చదవగానే ‘అబ్బా, ఇది మా ఆయనకి సరిగ్గా సరిపోతుంది’ అనిపించడం. పాస్టర్లకైతే ‘ఇది ఆదివారం చెప్పాలి’ అనిపించడం. రెండూ ఒకటే. వడ్డించేవాడు తినకుండా లేచినట్టు. అలా అనిపించినప్పుడు పేజీ మూలన ఒక చుక్క పెట్టి వదిలేయండి, మీ వంతుకు తిరిగి రండి.

నోటుబుక్కు సంగతి. ఖరీదైన డైరీ అక్కర్లేదు, పిల్లల 200 పేజీల లాంగ్ బుక్కు చాలు. తెరిస్తే రెండు పేజీలు కనపడతాయి కదా. ఎడమ పేజీ మీద తేదీ, వచనాలు, ‘ఏముంది’. కుడి పేజీ మీద ‘నేను’. ఒక్కటే నియమం: ఎడమ వైపు ఐదు లైన్లు పడేదాకా కుడి వైపు పెన్ను పెట్టకూడదు. ఐదో లైను కోసం ఇబ్బంది పడతారు, మళ్లీ చదువుతారు. అసలు కనపడాల్సింది చాలాసార్లు ఆ నాలుగో లైనుకూ ఐదో లైనుకూ మధ్యే కనపడుతుంది. రోజుకు రెండు పేజీలు, వంద రోజులకు ఒక పుస్తకం. రంగు రంగుల హైలైటర్లు వద్దనను గానీ, పేజీ అంతా పసుపైతే ఇక దేన్ని గుర్తుపెట్టినట్టు?

మన తెలుగు బైబిలు మాటల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే సగం తడబాటు ఇక్కడే. విశాఖపట్నంలో మిషనరీలు డెస్ గ్రాంజెస్, క్రాన్, వాళ్లకు తోడుగా ఆనందరాయర్ చేసిన అనువాదం పనిలోంచి మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్లోని సేరంపూరులో అచ్చయ్యాయి. 1818లో మద్రాసులో కొత్త నిబంధన వచ్చింది. ఇప్పుడు మన చేతిలో ఉన్నది ఆ తర్వాత ఎన్నో చేతులు సరిదిద్దిన పాఠం. అయినా భాష పాతదే. మాటలు తెలిసినవే, అర్థాలు జరిగిపోయాయి. అదే ప్రమాదం, తెలియని మాటైతే ఎవరినైనా అడుగుతాం.

ఫిలిప్పీయులకు 4:7, “సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము”. బడి పిల్లవాడికి సమాధానం అంటే జవాబు. ఇక్కడ శాంతి. “నిరీక్షణ” అంటే బస్సు కోసం ఎదురుచూడటం కాదు, ఆశ, నమ్మకంతో కూడిన ఆశ. మత్తయి 5:5, సాత్వికులు భూలోకమును “స్వతంత్రించుకొందురు”. స్వాతంత్ర్యం రావడం కాదు, వారసత్వంగా పొందడం. “నీతి” అంటే కథ చివర వచ్చే నీతి కాదు. ఇవాళ్టి పేరాలోనే ఉంది ఒకటి: “అరణ్యప్రదేశము”. అరణ్యం అనగానే మనకు నల్లమల కనపడుతుంది. చెట్లు, పులులు. అక్కడున్నది అది కాదు, మనుషులు లేని బీడు, రాళ్లు, నిర్జనమైన చోటు. ఇలాంటి మాటలు దొరికినప్పుడల్లా నోటుబుక్కు ఆఖరి పేజీల్లో జాబితా పెట్టుకోండి. అర్థం తేలకపోతే వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పక్కన పెట్టుకుని చూడండి. పాతది పక్కకు నెట్టమని అనడం లేదు. కంఠస్థానికి దాని లయకు సాటి లేదు.

అధ్యాయాల అంకెల్ని కూడా మరీ నమ్మకండి. అవి 13వ శతాబ్దంలో పెట్టినవి, కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల అంకెలు 1551లో వచ్చాయి. 1 కొరింథీయులకు 11వ అధ్యాయం మొదటి వచనం నిజానికి 10కి ముగింపు. యెషయా 53 మనకు కంఠతా వచ్చు గానీ ఆ గీతం 52:13లో మొదలవుతుంది. “కాబట్టి” అని మొదలైన చోట వెనక్కి ఐదారు వచనాలు వెళ్లి చూడండి. దేనిని బట్టి కాబట్టి?

వెనక్కి చూడకపోతే ఏమవుతుందో వాగ్దానం కార్డుల్లో చూస్తున్నాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధన, పన్నెండు దాటాక కార్డు తీసుకుంటాం. ఆ సంతోషాన్ని నేను తీసిపారేయను. కార్డు మీద యిర్మీయా 29:11 వచ్చిందనుకోండి, సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు. ఇంటికెళ్లి బైబిల్లో 10వ వచనం చదవండి. డెబ్బై సంవత్సరాలు బబులోనులో గడిచాక అని ఉంది. ఇంకా వెనక్కి, 5, 6 చదవండి: అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి. త్వరలో ఇంటికి వెళ్లిపోతామని ఆశపడేవాళ్లకు, లేదు, చాలా కాలం పడుతుంది, కానీ మిమ్మల్ని మరచిపోలేదు అని రాసిన ఉత్తరం అది. వీసా రెండు నెలల్లో వస్తుందనే మాటగా దాన్ని పట్టుకుని, రాకపోతే దేవుడి మీద అలగడం, మనం చదవని వచనాల వల్ల వచ్చిన అలక. అలాగే ఫిలిప్పీయులకు 4:13, “నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను”. పైన రెండు వచనాల్లో పౌలు ఆకలి గురించి, లేమి గురించి మాట్లాడుతున్నాడు. పరీక్ష పాస్ కావడం గురించి కాదు, ఫెయిలైనా నిలబడటం గురించి కూడా.

వాట్సాప్‌లో వచ్చే అనుదిన వచనాలు, యూట్యూబ్‌లో ఐదు నిమిషాల సందేశాలు? వినండి. కానీ మీ ఎడమ పేజీ నిండాక. ముందే వింటే ఇంకొకరు నెమరు వేసిందే నోట్లో ఉంటుంది, మీ పళ్లకు పని ఉండదు. వ్యాఖ్యానాలకూ ఇదే వర్తిస్తుంది. బెరయ ఊరివాళ్లను చూడండి, అపొస్తలుల కార్యములు 17:11. ఎదురుగా ఉన్నది పౌలు. అయినా విని ఊరుకోలేదు, “ప్రతిదినమును” లేఖనాలు తీసి అలా ఉందో లేదో చూసుకున్నారు. ఫోన్లో డేటా ఆపమన్నది కూడా ఇందుకే. 35వ వచనం మీద ఉండగా పైనుంచి ఒక మెసేజ్ జారిందంటే ఆ చీకటి పోయినట్టే. మళ్లీ అక్కడికి రావడానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఆ ఐదు నిమిషాలు మనకు ఉండవు.

రోజులు తప్పిపోతే? తప్పిపోతాయి. జ్వరాలొస్తాయి, చుట్టాలొస్తారు. బాకీ తీర్చకండి. మూడు రోజులు తప్పితే తొమ్మిది అధ్యాయాల బాకీ, నాలుగో రోజుతో కలిపి పన్నెండు. పన్నెండు అధ్యాయాలు ఒక పూటలో చదివేది కళ్లు మాత్రమే. తేదీలున్న పట్టికను పక్కన పెట్టి బైబిల్లో రిబ్బను ఎక్కడుంటే అక్కడ మొదలుపెట్టండి. 300 రోజుల వరస తెగిపోయిందని ఏడ్చేవాళ్లున్నారు. ఆ ఏడుపు వాక్యం కోసమా, వరస కోసమా, ఒకసారి చూసుకోవాలి.

చదువు రాని అమ్మమ్మల సంగతి ఎవరూ మాట్లాడరు, మాట్లాడాలి. ప్రకటన 1:3లో చదువువాడు అని ఏకవచనం, వినువారు అని బహువచనం ఉంది. ఒకరు చదివితే సంఘమంతా విన్న కాలం అది. కాబట్టి వినడం తక్కువ రకం ధ్యానం కాదు. మనవడో మనవరాలో రోజుకు ఎనిమిది వచనాలు చదివి పెట్టండి. 119వ కీర్తన అందుకు కొలిచినట్టు ఉంటుంది: 176 వచనాలు, హీబ్రూ అక్షరమాల ప్రకారం 22 భాగాలు, భాగానికి ఎనిమిది. 22 రోజులు. చదివాక అమ్మమ్మనే తిరిగి చెప్పమనండి. తిరిగి చెప్పేటప్పుడు ఆమె వదిలేసిన మాట ఏది, పట్టుకున్న మాట ఏది, చదివినవాళ్లే నేర్చుకుంటారు.

కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు ఇరవై నిమిషాల ఏకాంతం దొరకదు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే అధ్యాయం ఆడియోలో ఏడు రోజులు వినమని. రోజుకో కొత్త అధ్యాయం వద్దు. మూడో రోజుకు మాటలు ముందే నోటికొస్తాయి, ఐదో రోజుకు ఇస్త్రీ చేస్తూ అనుకుంటారు. అదే హాగా, ముందు చెప్పుకున్నాం. కంఠస్థం కూడా ఇలాగే, వారానికి ఒక్క వచనం. ఏడాదికి 52 అవుతాయి, మనలో చాలామందికి ఇప్పుడున్నవాటికంటే ఎక్కువే.

రాత్రి మూడు నిమిషాలు మిగల్చండి. కీర్తన 4:4, “మీరు పడకలమీద నుండగా మీ హృదయములలో ధ్యానము చేసికొని ఊరకుండుడి”. పొద్దుటి కుడి పేజీ తీసి, రాసిన తీర్మానం పక్కన ‘చేశాను’, ‘లేదు’, ‘సగం’, మూడింటిలో ఒకటి రాయండి. ‘లేదు’ అని రాయాల్సి వస్తే సంజాయిషీ రాయకండి. ఎందుకు లేదో ఒక్క మాట రాయండి, భయమా, బద్ధకమా, మరపా. నెల తర్వాత ఆ మాటలన్నీ వరసగా చదివితే మీ మనసు పటం దొరుకుతుంది. 139వ కీర్తన చివర్లో నన్ను పరిశోధించు అని అడుగుతాం కదా, పరిశోధన ఫలితం చాలాసార్లు అలాంటి ఒక్క మాటలోనే వస్తుంది.

కొన్ని నెలలు ఎండిపోయినట్టు ఉంటుంది. చదివినా ఏమీ అనిపించదు. అప్పుడు ఎక్కువ చదవడం మందు కాదు. తగ్గించండి, నాలుగు వచనాలకు దించండి, కానీ పైకి చదవండి. 13వ కీర్తన, 88వ కీర్తన దగ్గరికి వెళ్లండి. 88వ కీర్తన వెలుగులో ముగియదు, చీకటి అనే మాటతోనే ముగుస్తుంది. దాన్ని తీసేయకుండా ప్రార్థనల పుస్తకంలోనే ఉంచారు. నిద్ర, ఆకలి కూడా పోయి వారాలు గడుస్తుంటే మాత్రం పాస్టరుగారితో పాటు డాక్టరునీ కలవండి, అది వాక్య లోపం కాదు.

ఇందాక లేవీయకాండం దగ్గర నవ్వారు కదా. దాన్ని మానేయమని నేను అనలేదు, దాని దగ్గరికి ఎలా వెళ్లాలో ఇప్పుడు చూద్దాం. రేపటి మీ భాగం మార్కు 1:40 నుంచి 45, ఆరు వచనాలు. కుష్ఠరోగి వస్తాడు. అది చదివే ముందు లేవీయకాండం 13లో రెండే రెండు వచనాలు, 45, 46, పైకి చదవండి. అలాంటివాడు ఏమని కేక వేయాలి, ఎక్కడ కాపురం ఉండాలి అన్నది అక్కడుంది. తర్వాత మార్కులో యేసు చేసిన పనులు, క్రియలు మాత్రమే, ఎడమ పేజీ మీద వరసగా దింపండి. కనికరపడి, చెయ్యి చాపి, ముట్టి, అలా. ‘ముట్టి’ ముందా, ‘శుద్ధుడవు కమ్ము’ ముందా చూడండి. 45 దగ్గరికి వచ్చేసరికి ఇవాళ మనం అర్థం చూసుకున్న ఆ “అరణ్యప్రదేశము” మళ్లీ కనపడుతుంది. నిన్నటిదాకా ఊరి బయట ఉన్నదెవరు, ఇప్పుడు ఊరి బయట ఉన్నదెవరు? రాసుకుని రండి, వచ్చే వారం అక్కడి నుంచి మొదలుపెడదాం.